బాల్ నీ కాళ్ల దగ్గర లేనప్పుడు

ఒరేయ్ చిన్నోడా,

రాత్రి పదకొండింటికి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున చాయ్ తాగుకుంట చదివిన. వరుసగ 4 ఫుట్‌బాల్ మ్యాచులు కోచ్ నిన్ను బెంచి మీదనే కూసోబెట్టిండు, ఇంట్ల మీ అమ్మేమో ఇంటర్ సెకండియర్ అయిపోవస్తుంది ఇంకెప్పుడు చదువుతవ్ అంటుంది, నువ్వేమో బూట్లు అటక మీద పడేస్త తాతా అంటున్నవ్. ఫోన్ చేద్దామనుకున్న గానీ ఫోన్ల నువ్వు ఊ ఊ అంటవ్ తప్ప వినవ్, అందుకే కూసొని రాస్తున్న, పొడుగైతే సర్దుకో.

ముందు ఒక లెక్క చెప్పు. 90 నిమిషాల మ్యాచ్‌ల ఒక్క ప్లేయర్ కాళ్ల దగ్గర బాల్ ఎంతసేపు ఉంటది? రెండు మూడు నిమిషాలు, గంతే. మిగిలిందంత బాల్ లేకుండనే ఆడాలె. నువ్వు ప్రాక్టీస్ చేసేదంత ఆ రెండు నిమిషాల కోసమే. మొన్న దసరాకి వచ్చినప్పుడు మీ మ్యాచ్ చూసిన గదా, నీ పాస్ కట్ అయ్యింది, అయితదిలే అందరికి అయితది, గానీ నువ్వు నడుం మీద చేతులు పెట్టుకొని అక్కడే నిలబడ్డవ్, వెనక కుడి పక్క డిఫెన్స్ ఆడే మీ రైట్ బ్యాక్ పిల్లగాడు ఒక్కడే ఇద్దరి మీదికి ఉరికిండు. కోచ్ నిన్ను ఎందుకు కూసోబెట్టిండో నాకు తెల్వది, నేనైతే దానికే కూసోబెడ్త.

ఇప్పుడు నా సంగతి చెప్త, మీ నాయినకి కూడా పూర్తిగ చెప్పలే. నా మోకాలు మ్యాచ్‌ల పోయిందని మన ఇంట్ల అందరు చెప్పుకుంటరు గదా, తాత టీమ్ కోసం కాలు పోగొట్టుకున్నడని. గట్ల కాదు. 1970లల్ల నేను లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ పక్క డిఫెన్స్ ఆడుతుంటి, లీగ్‌ల సెమీఫైనల్‌కి వారం ముందు నుంచే మోకాలు వాచి ఉండె. ఎవ్వరికి చెప్పలే. పొద్దున్నే లేచి వేడినీళ్ల గుడ్డ పెట్టుకునుడు, క్రేప్ బ్యాండేజ్ గట్టిగ చుట్టి మీదికెళ్లి సాక్స్ లాగుడు, గ్రౌండ్‌కి సైకిల్ ఒంటి కాలుతోనే తొక్కుడు. అప్పటి బూట్లకు అడుగున పట్టు కోసం మోచీ తోలు స్టడ్లు మేకులతోని కొట్టేటోడు, అవి అరిగితే మేకు లోపలికి పొడుచుకొచ్చేది, ఆ రోజు మేకు గుచ్చుకుంటున్న నొప్పి మోకాలి నొప్పికి తక్కువనే అనిపించింది అంటే చూసుకో. 20 నిమిషాలు ఆడిన. పక్క నుంచి దాడి చేసే వాళ్ల వింగర్ లోపలికి తిరిగిండు, నేను కూడా తిరిగిన, టక్‌మని చప్పుడు నాకే వినొచ్చింది. గోల్ అటు నుంచే పడ్డది, మేం ఓడిపోయినం.

బయట నాకన్నా రెండేండ్ల చిన్నోడు ఒకడు రెడీగ కూసున్నడు, అరువు బూట్లేసుకొని. వానివి అలవని కాళ్లు, నిండు ఊపిరి. నేను నిజం చెప్పి ఉంటే ఆ మ్యాచ్ వాడు ఆడుతుండె. మరి ఎందుకు చెప్పలే అంటే, వాడు ఒక్కసారి లోపలికొస్తే నాకు మళ్ల ప్లేస్ దొరకదని భయం. దానికి త్యాగం అని పేరు పెట్టుకొని 50 ఏండ్లు తిరిగిన. నీకు ఎక్కడన్న నొప్పి ఉంటే అదే రోజు కోచ్‌కి చెప్పు, వాపు ఉంటే ఐస్ పెట్టు, నా లెక్క వేడినీళ్లు పెట్టకు.

నువ్వు అడుగుతవ్, మరి దెబ్బతోనే ఆడిన మన ఇండియా డిఫెండర్ జర్నైల్ సింగ్ సంగతేంది అని. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్, తలకి కుట్లు పడ్డయ్, కట్టు కట్టుకొనే ఆడిండు, ఫైనల్ల దక్షిణ కొరియా మీద మనం 2-1తోని గెలిస్తే ఒక గోల్ పీకే బెనర్జీది ఇంకోటి ఈయనది. నిజమే. గానీ ఆ కట్టు మొత్తం స్టేడియంకి కనబడుతుండె, కోచ్‌కి తెల్సు, టీమ్‌కి తెల్సు. అది చూసే ఇండియా కోచ్, మన రహీం సాబ్ ఆయన్ని డిఫెన్స్ నుంచి తీసి ముందల ఫార్వర్డ్‌ల పెట్టిండు. ఆయన కూడా నా ప్లేస్ నాకే కావాలె అనలే, చెప్పిన కాడ ఆడిండు. ఈ కథ చెప్పేటోళ్లు కుట్ల దగ్గరనే ఆగిపోతరు ఎందుకో మరి. (ఇప్పటికైతే తల దెబ్బతోని ఎవ్వరు ఆడొద్దు, నువ్వు అస్సలే ఆడొద్దు.)

రహీం సాబ్ గురించి కూడా అందరు క్యాన్సర్ గురించే చెప్తరు, గోల్డ్ వచ్చిన మరుసటేడు 1963ల పోయిండని. నాకు ఆయన చేసిన ఇంకో పని ఇష్టం. ఆయన మన హైదరాబాద్ల బడి పంతులు రా. చేతకాని కాలుతోనే ఆడాలె అని టోర్నమెంట్లు పెట్టేటోడు, కుడికాలోడు ఎడమతోనే తన్నాలె. ఊరంత చూస్తుంటే మంచి మంచి ప్లేయర్లు చిన్నపోరగాళ్ల లెక్క తడబడేటోళ్లంట. అట్ల నేర్పిన ఆయన చేతిలనే మన సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి వరుసగ 5 రోవర్స్ కప్పులు, అంటే అప్పట్ల బొంబాయిల జరిగే పెద్ద ఫుట్‌బాల్ టోర్నమెంట్, కొట్టింది. నువ్వు కూడా గట్లనే చెయ్. మీ అపార్ట్‌మెంట్ వెనక సంపు గోడ ఉంది గదా, రోజు 15 నిమిషాలు టెన్నిస్ బాల్‌తోని ఎడమ కాలుతోనే గోడకు కొట్టు. వారం పది రోజులు నీ మీద నీకే నవ్వొస్తది, పక్క ఫ్లాట్ పోరగాళ్లు కూడా నవ్వుతరు, నవ్వనియ్. రీల్స్ తియ్యకు.

బెంచి మీద ఎట్ల కూసోవాలె అంటే, మూతి ముడుచుకొని ఫోన్ పట్టుకొని కాదు. వాళ్ల లెఫ్ట్ బ్యాక్ ఏ కాలు మీద తిరుగుతుండు, గోలీ కార్నర్‌కి బయటికొస్తుండా లైన్ మీదనే ఉంటుండా, ఎవడు అలిసిపోయిండు, ఇవి చూస్తుండు, హాఫ్ టైంల మీ వింగర్ చెవిల ఒక్క మాట వెయ్. ప్రాక్టీస్ అయినంక కోచ్ దగ్గరికి పోయి సర్ నాల తక్కువేముంది అని ఒక్కటే అడుగు, నన్నెందుకు ఆడిస్తలేరు అని అడగకు, ఆ రెండు ప్రశ్నలకి జవాబులు వేరేగ వస్తయ్. ఏం చెప్పినా అక్కడ వాదించకు, ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసి తిట్టుకో.

ఇగ చదువు. అమ్మ మాట విను అంటే నేను కూడా ముసలోన్నైపోయిన అంటవ్. బలరాం పేరు విన్నవా, తులసీదాస్ బలరాం, మన సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లగాడు. 20 ఏండ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ టీమ్‌ల ఉన్నడు, 1960 రోమ్‌ల హంగేరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టిండు, జకార్తా గోల్డ్‌ల ఉన్నడు. 27 ఏండ్లకి ఊపిరితిత్తుల జబ్బొచ్చి ఆట బంద్. అంతటోనికే అట్లయింది. నాకైతే ఆ మోకాలి తర్వాత అన్నం పెట్టింది టైపింగ్ లోయర్ సర్టిఫికెట్, అది కూడా మా అక్క తిట్టి తిట్టి పరీక్షకి తోలితే వచ్చింది. పొద్దున 5:30 నుంచి 7:30 దాక గ్రౌండ్, రాత్రి రెండు గంటలు పుస్తకం. ఈ మధ్యల పోయేది దోస్తులతోని చాయ్ దుకాణం కాడ కూసునే గంటన్నర, ఇంక ఆ ఫోన్ల గేమ్. నిజంగ ఇడిసిపెట్టాల్సింది గదే, నీకు కష్టమనిపించేది కూడా గదే, నాకు తెల్సు.

వచ్చే ఆదివారం నేను వస్తున్న, పొద్దున 6 గంటలకల్ల గ్రౌండ్ కాడుంట. బూట్లు నిజంగనే అటకెక్కించినవంటే దించి మట్టి దులిపి పెట్టు, లేసులు కొత్తయి నేను తెస్త. అమ్మకి చెప్పు, టిఫిన్ ఏమన్న చెయ్యమను గానీ ఉప్మా వద్దను.

మీ తాత