యత్నదోషం అంటే ప్రయత్న లోపమా?

సందేహం: మేం డీఎడ్ (ఉపాధ్యాయ శిక్షణ) విద్యార్థులకు మనోవిజ్ఞానం చెబుతాం. ‘ట్రయల్ అండ్ ఎర్రర్’కి పుస్తకాల్లో ‘యత్నదోష అభ్యసనం’ అని ఉంటుంది. ఒక విద్యార్థిని లేచి, ‘యత్నదోషం అంటే ప్రయత్న లోపమే కదా సార్, సరిగ్గా ప్రయత్నించకపోతే నేర్చుకోవడం ఎలా అవుతుంది?’ అని అడిగింది. ఆ మాట తప్పా? దీనికి తేట తెలుగులో ఏమైనా ఉందా? ‘తినగ తినగ వేము’ పద్యం ఉదాహరణగా చెప్పవచ్చా?

సమాధానం: ఆ అమ్మాయికి ముందు శభాష్ చెప్పండి. ‘నా ప్రయత్న లోపం ఏమీ లేదండీ’ అని మనం రోజూ అంటాం. అక్కడ అర్థం ప్రయత్నంలో లోపమనే. ఆ అలవాటుతో చూస్తే యత్నదోషం కూడా ‘యత్నం యొక్క దోషం’గానే వినబడుతుంది. కానీ ఇది షష్ఠీ తత్పురుషం కాదు, ద్వంద్వం. యత్నమూ, దోషమూ. ద్వంద్వమైతే కష్టసుఖాలు, జయాపజయాలు లాగా బహువచనం ఉండాలి కదా అంటారేమో. వెనక ఇంకో మాట చేరినప్పుడు ఆ బహువచనం జారిపోతుంది. గుణదోషాలు అంటాం, గుణదోష విచారణ అంటాం. యత్నదోష పద్ధతి కూడా అంతే. మాట తప్పు కాదు, కాస్త బిగుతుగా ఉందంతే.

ఈ రెండు మాటలూ ఒకే పాదంలో ఉన్న సంస్కృత శ్లోకం ఒకటుంది. ‘ఉద్యోగినం పురుషసింహముపైతి లక్ష్మీః’ అని మొదలై ‘యత్నే కృతే యది న సిధ్యతి కోఽత్ర దోషః’ అని ముగుస్తుంది. ప్రయత్నించినా పని కాకపోతే అందులో తప్పేముంది అని ఓదార్పుగా చెబుతుంటారు. నాకు మాత్రం దాన్ని నిజమైన ప్రశ్నగా చదవడం ఇష్టం. ప్రయత్నించాం, కాలేదు, సరే, ఇక్కడ దోషమేమిటి? అలా చదివితే మీ పాఠం మొత్తం ఆ పాదంలోనే ఉంది.

ఇక తేట తెలుగు మాట. నామవాచకం కోసం వెతికితే దొరకదు. మన భాషలో ఆ పని చేసేవి క్రియలు. ‘చూడు’ సంగతి గమనించండి. అడిగి చూడు, వేసి చూడు, తిని చూడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు. వీటిలో కంటికి పనేమీ లేదు. చేసి, ఫలితం ఏమవుతుందో తెలుసుకోమని అర్థం. ఇంగ్లీషు మాట అరువు తెచ్చుకున్నాక కూడా ఇది వదల్లేదు, ‘ట్రై చేసి చూడు’ అంటున్నాం. సంస్కృతానిదీ ఇదే దారి. పరీక్షలో ఉన్న ‘ఈక్ష’ అంటే చూడటమే.

ఇందులో చిన్న తేడా ఒకటుంది, అది మీ క్లాసులో పనికొస్తుంది. ‘పారిపోజూశాడు’ వేరు, ‘పారిపోయి చూశాడు’ వేరు. మొదటి దానిలో ప్రయత్నమే తప్ప పని జరగలేదు. రెండో దానిలో పని జరిగింది, ఫలితం తెలిసింది. 1898లో అమెరికన్ మనోవిజ్ఞాని థార్న్‌డైక్ ప్రకటించిన ప్రయోగాల్లోని పిల్లిని తీసుకోండి. ఆకలితో ఉన్న పిల్లి పెట్టెలో ఉంది, బయట తిండి ఉంది. మొదట్లో అది గోకుతుంది, కొరుకుతుంది, సందుల్లోంచి దూరబోతుంది. ఇదంతా తప్పించుకోజూడటం. ఏదో ఒకసారి పంజా తగిలి తలుపు తెరుచుకుంటుంది. మళ్ళీ మళ్ళీ పెట్టెలో పెడుతుంటే వృథా చేష్టలు తగ్గి, బయటపడే సమయమూ తగ్గుతూ వస్తుంది.

ఆ మొదటి తగులుడుకి మన పండితుల దగ్గర పేరుంది, ఘుణాక్షర న్యాయం. పురుగు కర్రను తొలుస్తూ పోతే ఎక్కడో ‘ర’లాంటి గీత పడుతుంది. పురుగుకి చదువొచ్చిందనుకోం. పిల్లి అక్కడ మొదలుపెట్టిందిగానీ అక్కడే ఆగలేదు. మీ పాఠానికి ఈ న్యాయం ఒక్కటే చాలదని చెప్పడానికే ఇది.

యత్నం అయింది, మరి దోషం? దానికి ‘బోయి’ ఉంది. ఎక్కబోయి పడ్డాడు, నవ్వించబోయి నవ్వులపాలయ్యాడు, వినాయకుణ్ణి చేయబోయి కోతిని చేశాడు. ‘బోయి’ వినగానే తర్వాత ఏదో చెడిందని వినేవాడికి తెలిసిపోతుంది. ‘తప్పు’ కూడా అంత కఠినమైన మాటేమీ కాదు. గురి తప్పింది, దారి తప్పింది అన్నప్పుడు అది నేరం కాదు, తగలాల్సిన చోట తగలకపోవడం. నడక నేర్చే బిడ్డవి తప్పటడుగులు. అదే మాట పెద్దవాళ్ళకి వాడేసరికి నీతి పాఠమైపోయింది!

వేమన పద్యం ఇక్కడ అంతగా నప్పదు. ‘సాధనమున పనులు సమకూరు’ అన్నది అదే పనిని పదేపదే చేయడం గురించి. యత్నదోషంలో ప్రతిసారీ ఏదో ఒకటి మార్చాలి. మొన్న సంక్రాంతికి అరిసెల పని మొదటిసారి నా మీద పడింది. పాకం చుక్క నీళ్ళలో వేసి చూడు, వేళ్ళ మధ్య మెత్తని ఉండ కడితే దించెయ్ అని మా అక్క ఫోన్లో చెప్పింది. మొదటి వాయికి తొందరపడి లేతపాకం దించాను, నూనెలో వేయగానే విడిపోయాయి. రెండో వాయికి భయపడి ముదరనిచ్చాను, అవి కొరుకుడు పడలేదు. మూడోసారికి ఉండ ఎలా ఉండాలో వేళ్ళకు తెలిసింది. ఇది యత్నదోషం. మా అక్కది ఇరవై ఏళ్ళుగా ‘చేయి తిరిగిన’ వంట, వేమన పద్యం ఆమెకి చెల్లుతుంది.

పక్కదారి అయినా ఒక మాట. అజమాయిషీకి మూలం ‘ఆజ్మాయిష్’. ఉర్దూలో పరీక్షించి చూడటమని అర్థం. మన దగ్గరికొచ్చి తనిఖీ అయింది, ఆ తర్వాత పెత్తనమైంది. చేసి చూడమన్న మాట, చేసేవాళ్ళని నిలబడి చూడటంగా మారిందన్నమాట.

కాబట్టి క్లాసులో ‘చేసి చూసి, తప్పు దిద్దుకుంటూ నేర్చుకోవడం’ అని చెప్పండి, పిల్లి కథతో ఇట్టే అర్థమవుతుంది. జవాబు పత్రంలో మాత్రం ‘యత్నదోష అభ్యసనం’ అనే రాయమనండి, దిద్దేవారితో ప్రయోగాలు వద్దు.