బాణాల గురించి మీరడిగినవి: ముందు నాక్ చూడండి

ప్రశ్న: సార్, మాది గుంటూరు దగ్గర పల్లె, పదేళ్ళుగా ఒహాయోలో ఉంటున్నాం. ఆఫీసు స్నేహితులతో క్లబ్‌కి వెళ్ళి టార్గెట్ మీద క్రాస్‌బో (తుపాకీలా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కే విల్లు) వేయడం మొదలుపెట్టాను. నాది 20 అంగుళాల బాణాలు వేసే మోడల్, వేగం సెకనుకు 400 అడుగుల దాకా ఉంటుందట. దాంతోపాటు వచ్చిన ఆరు కార్బన్ బాణాల్లో మూడు రెండు నెలల్లోనే పోయాయి. కొత్తవి కొందామని చూస్తే .001, .003, .006 అని నంబర్లు, ఒకదాన్ని మించి ఒకటి ధర. ఎక్కువ పెడితే నిజంగా గురి కుదురుతుందా? మన్నేవి ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: మీ ఉత్తరంలో నంబర్లు రాశారు, ధరలు రాశారు, నాక్ గురించి ఒక్క మాటా లేదు, అందుకని అక్కడే మొదలుపెడతాను. నాక్ అంటే బాణం తోకన నారి ఆనే చిన్న ముక్క. మామూలు వింటికి బాణాన్ని నారికి తగిలిస్తాం. చాలా క్రాస్‌బోల్లో అలా కాదు, బాణం రైల్ మీద, అంటే పైనున్న పొడవాటి గాడిలో, పడుకుని ఉంటుంది, నారి వచ్చి వెనక నుంచి గుద్దుతుంది. ఆ గుద్దే చోటు చదునుగా ఉండేవి కొన్ని, అర్ధచంద్రంలా గాడి ఉండేవి కొన్ని, నారిని గట్టిగా కరుచుకునేవి కొన్ని. మీ మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే కొనండి, దగ్గర దగ్గరగా ఉంది కదా అని ఇంకోటి పెట్టొద్దు. నాక్ సరిపడకపోతే నారి బాణం మీంచో కిందనుంచో జారిపోతుంది, అప్పుడు బాణం పెట్టకుండా ఉత్తినే వదిలినట్టే, దాన్నే డ్రై ఫైర్ అంటారు. బాణంలోకి పోవాల్సిన శక్తంతా తిరిగి క్రాస్‌బోనే కొడుతుంది. నా కళ్ళ ముందే ఒక స్నేహితుడిది ఇలా పోయింది. తుపాకీ పేలినట్టు చప్పుడు, నారి తెగి వేలాడుతోంది, ఒక కామ్, అంటే నారి తిరిగే చక్రం, వంకరపోయింది. బొటనవేలు రైల్ కంటే కిందికి పెట్టుకున్నాడు కాబట్టి వేలు దక్కింది. ఆ రోజు నుంచి నేను ఎవరి చేతిలో కొత్త బాణం చూసినా ముందు తోక తిప్పి చూస్తాను.

తర్వాత బరువు. దీన్ని గ్రెయిన్లలో లెక్కిస్తారు, 400 గ్రెయిన్లంటే దాదాపు 26 గ్రాములు. మీ కంపెనీ కనీసం ఇంత ఉండాలని చెప్పి ఉంటుంది, అది మొన, ఇన్సర్ట్ (మొన బిగించడానికి బాణం లోపల పెట్టే ముక్క), రెక్కలు, నాక్ అన్నీ కలిపిన మొత్తం బరువు అని గుర్తుంచుకోండి. తేలికైన బాణం వేగంగా పోతుందని చాలామంది దానికి ఆశపడతారు, కానీ బాణం తీసుకోని శక్తి లింబ్స్‌లోనే (వింటి రెండు బద్దల్లోనే) మిగిలి వాటిని కొద్దికొద్దిగా తినేస్తుంది. నేనైతే కనీసం మీద ఇరవై ముప్పై గ్రెయిన్లు ఎక్కువే తీసుకుంటాను. వేగం కాస్త తగ్గినా చప్పుడు తగ్గుతుంది, క్రాస్‌బో బతుకుతుంది.

ఇప్పుడు ఆ నంబర్లు. అవి బాణం ఎంత సూటిగా ఉందో అంగుళాల్లో చెప్పేవి. .001 అంటే 0.025 మిల్లీమీటర్లు, .006 అంటే 0.15 మిల్లీమీటర్లు. మీరు వేసేది 20, 30 గజాల టార్గెట్ మీదైతే .003 శుభ్రంగా సరిపోతుంది, ఆ పైన పెట్టే డబ్బు ఆ దూరంలో మీ కంటికి కనిపించదు. దానికంటే డజను బాణాలూ ఒకే బరువు ఉండటం ముఖ్యం. గ్రెయిన్లు చూపించే చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కుని ఒక్కోదాన్నీ తూచి, వెనక భాగం మీద పెన్నుతో బరువు రాయండి, తేడాగా ఉన్న ఒకటి రెండింటిని పక్కన పెట్టండి, గురి ఎంత మారుతుందో మీరే చూస్తారు. మొన బిగించాక బాణాన్ని రెండు ఆనుల మీద పెట్టి తిప్పండి. మొన స్థిరంగా తిరక్కుండా అల్లాడుతుంటే ఇన్సర్ట్ సరిగ్గా కూర్చోలేదని అర్థం, అలాంటప్పుడు .001 ఉన్నా లాభం లేదు. ముందువైపు బరువు కూడా చూసుకోండి: బాణాన్ని వేలి మీద ఆనించి అది తూగే చోటు పట్టుకుని, నాక్ నుంచి అక్కడికి కొలవాలి. 20 అంగుళాల బాణం 13 దగ్గర తూగితే సగానికంటే 3 అంగుళాలు ముందుంది, అంటే 15 శాతం. క్రాస్‌బోకి అది మంచి లెక్క.

మీ మూడు బాణాలు పోయింది మాత్రం నాసిరకం వల్ల కాకపోవచ్చు. ఆరింటినీ ఒకే చుక్క మీద వేస్తున్నారా? గురి కుదిరే కొద్దీ ఒకదాన్ని ఒకటి గుద్దుకుంటాయి. టార్గెట్ మీద ఆరు చుక్కలు పెట్టుకుని ఒక్కోదానికి ఒక్క బాణమే వేయండి. ఆ వేగానికి తట్టుకునే టార్గెట్ కావాలి, లేకపోతే బాణం రెక్కల దాకా దిగబడి పీకేటప్పుడు పాడవుతుంది. బాణం ముందు భాగానికి కాస్త లూబ్రికెంట్ రాసి, టార్గెట్‌కి దగ్గరగా పట్టుకుని తిప్పుతూ సూటిగా లాగండి, పక్కకి వంచొద్దు.

అల్యూమినియం బాణం దెబ్బతింటే వంగుతుంది, కంటికి తెలుస్తుంది. కార్బన్ అలా చెప్పదు. పైకి నిగనిగలాడుతూ లోపల చీలి ఉంటుంది, తర్వాతిసారి నారి గుద్దగానే ముక్కలై చేతిలో దిగవచ్చు. అందుకే ప్రతిసారీ వేసే ముందు రెండు చివర్లా పట్టుకుని, ముఖానికి దూరంగా, మెల్లగా వంచండి, కొద్దిగా తిప్పి మళ్ళీ వంచండి. 20 అంగుళాల బాణం పెద్దగా వంగదు, బలవంతం చేయొద్దు, శ్రద్ధగా వినండి. ఎండుపుల్ల విరిగినట్టు చిటుక్కుమంటే దాని పని అయిపోయినట్టే. దూదిని బాణం పొడుగునా రాయండి, పోగులు ఎక్కడ పట్టుకుంటే అక్కడ చీలిక ఉంది. చెడిపోయినదాన్ని రెండు ముక్కలు చేసి పారేయండి, ఇంకొకరు తీసుకుని వాడకుండా.

ప్రశ్న: నమస్తే సార్. విజయవాడ నుంచి రాస్తున్నాను. జ్యోతి సురేఖని టీవీలో చూసి మా అమ్మాయి ఆర్చరీలో చేరింది, పదకొండేళ్ళు, రికర్వ్ (చివరలు ముందుకు వంగిన విల్లు) వేస్తుంది. కోచ్ గారు కార్బన్ బాణాలకి మారొచ్చన్నారు. షాపులో 500 నంబరువి గట్టివి, అవే తీసుకోమన్నారు. తీసుకోమంటారా?

జవాబు: తీసుకోకండమ్మా. ఆ 500 నాణ్యతకి వేసిన మార్కు కాదు, బాణం ఎంత వంగుతుందో చెప్పే లెక్క. 28 అంగుళాల దూరంలో రెండు ఆనుల మీద బాణాన్ని పెట్టి మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అర అంగుళం వంగితే 500, అంగుళం వంగితే 1000. నంబరు పెరిగే కొద్దీ మెత్తన. మీ అమ్మాయి విల్లు లాగడానికి పద్దెనిమిది, ఇరవై పౌండ్ల బలం పడుతుందేమో, దానికి 1000 చుట్టుపక్కలో ఇంకా మెత్తనివో కావాలి. 500 ఇస్తే కుడిచేత్తో లాగే పిల్లకి బాణాలన్నీ ఎడమకి పోతుంటాయి, తప్పు తనదేననుకుని టెన్షన్ పడుతుంది. విల్లు లాగే బలం, లాగే పొడవు రెండూ కోచ్ గారి చేత కొలిపించి, ఆ కొలతల్ని బాణాల కంపెనీ పట్టికలో చూసి కొనండి. బాణం పొడవు తను లాగేదానికంటే రెండంగుళాలైనా ఎక్కువ ఉంచండి. ఎదిగే పిల్ల, ఆర్నెల్లలో చెయ్యి సాగుతుంది, పొట్టి బాణం రెస్ట్ (వింటి మీద బాణం ఆనే చోటు) మీంచి వెనక్కి జారితే వింటిని పట్టుకున్న చేతికే తగులుతుంది. ఇప్పటికి అరడజను చాలు.

ప్రశ్న: చీలిన కార్బన్ బాణాన్ని ఫెవిక్విక్‌తో అతికించి ప్రాక్టీస్‌కి వాడొచ్చా?

జవాబు: వద్దు, ప్రాక్టీస్‌కి కూడా వద్దు. ఊడిన రెక్కని అతికించుకోవచ్చు, పగిలిన నాక్ మార్చుకోవచ్చు. ఇన్సర్ట్ వదులైతే తీసి మళ్ళీ పెట్టొచ్చు, కాకపోతే వేడికి కరిగే జిగురు వాడితే వేడి మొనకే తగలనివ్వండి, మంట కార్బన్‌కి తగిలితే అందులోని రెజిన్ (కార్బన్ పోగుల్ని కలిపి ఉంచే జిగురు) చెడిపోతుంది.