ఆదాయం తేని సంస్థకు విలువ ఎలా కట్టాలి?

ప్రశ్న: పన్నుల సొమ్ముతో నడిచే శాస్త్ర సంస్థలు ఖజానాకు తిరిగి ఇచ్చేది పెద్దగా ఏమీ ఉండదు కదా? సముద్రమే లేని హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రాన్ని నడిపితే మా తీరంవాళ్లకు ఏం ఒరుగుతుంది?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: మీరు ప్రస్తావించినది 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, వాడుకలో ఇన్‌కాయిస్. సముద్రపు పైపొర ఉష్ణోగ్రత, నీటిలోని పత్రహరితం గురించి ఉపగ్రహాలు పంపే వివరాలను బట్టి చేపలు గుమిగూడే అవకాశమున్న చోట్లను ఈ కేంద్రం గుర్తించి, అవి ఏ రేవుకు ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతున ఉన్నాయో తెలుగుతో సహా తీరప్రాంత భాషల్లో ఉచితంగా తెలియజేస్తుంది. చేపల జాడ కోసం మరబోటు తిరిగే దూరం తగ్గితే డీజిలు మిగులుతుంది. ఆ మిగులు సంస్థ పద్దులకు ఎక్కదు, బోటు యజమానికీ కలాసీలకూ దక్కుతుంది. అయితే మబ్బు పట్టిన రోజుల్లో ఈ వివరాలు సరిగా అందవు, తీరానికి దగ్గరలోనే తెప్పలపై వేటాడేవారికి దూరపు చోట్ల సమాచారం అక్కరకు రాదు. కాబట్టి ఈ మేలు అందరికీ సమానంగా అందుతున్నదని నేను అనను.

ఇంతకంటే బరువైన పని మరొకటి ఉంది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూమి కంపించాక సునామీ మన ప్రధాన తీరాన్ని చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేనందువల్ల అంత విలువైన వ్యవధి చేజారిపోయింది. 2007 అక్టోబరు నుంచి ఇన్‌కాయిస్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం భూకంప నమోదులను, కడలి అడుగున పీడనం కొలిచే పరికరాలను, తీరంలోని నీటిమట్టం కొలతలను రేయింబవళ్లు గమనిస్తున్నది. భూకంపం వచ్చినా సునామీ ముప్పు లేదని వెంటనే తేల్చి చెప్పడం కూడా ఈ కేంద్రం బాధ్యతే. లేకపోతే తీరమంతా అనవసరంగా ఇళ్లు వదిలి పరుగెత్తవలసి వస్తుంది.

ఈ పనిని లాభం కోసం నడిచే సంస్థకు అప్పగించి, చందా కట్టినవారికే హెచ్చరిక పంపే పద్ధతి పెట్టామనుకోండి. అలకు అందరికంటే ముందు చిక్కేది ఆ చందా కట్టలేని ఇసుక ఒడ్డు గుడిసెలే. జరగకుండా ఆగిన నష్టానికి రసీదు పుట్టదు కనుక, ఇలాంటి సంస్థను రాబడితో కొలవడం నా దృష్టిలో తప్పు.

ఖర్చును ప్రశ్నించే హక్కు మీకు తప్పకుండా ఉంది. సమాచారం మీ రేవుకు వేళకు చేరుతున్నదా, చదువు రాని వేటగాళ్లకు దానిని ఎవరు వినిపిస్తున్నారు అని మీ జిల్లా మత్స్యశాఖ అధికారులను అడగండి.