వర్డ్ టేబుల్ గడుల్లో తెలుగు వత్తులు ఎందుకు తెగిపోతున్నాయి?

ఫాంటు మార్చారు, వర్డ్ తీసేసి మళ్లీ వేశారు, అయినా టేబుల్ గడుల్లో అక్షరాల కింది భాగం కనపడట్లేదు, ఏం చేయాలి అని ఒకరు అడిగారు. ఫాంటు జోలికి వెళ్లకండి, గడి ఎత్తు చూడండి. టేబుల్ అంతా సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొట్టి, టేబుల్ ప్రాపర్టీస్‌లో 'రో' అన్న చోటుకి వెళ్తే ఎత్తు 'ఎగ్జాక్ట్‌లీ' అని బిగించి ఉంటుంది, దాన్ని 'ఎట్ లీస్ట్' చేయండి. అప్పటికీ తెగుతుంటే పేరాగ్రాఫ్‌లో లైన్ స్పేసింగ్ కూడా 'ఎగ్జాక్ట్‌లీ'లోనే ఉన్నట్టు. దాన్ని 'సింగిల్' చేస్తే సరి. ఈ రెండూ కాక మూడో కారణం నేనింతవరకు చూడలేదు.

మా ఊరి రామాలయానికి కొత్త శ్లాబు వేసినప్పుడు చందాలిచ్చినవాళ్ల జాబితా కొట్టే పని నాకు అప్పజెప్పారు. గౌతమి ఫాంటులో కొట్టాను. ఆ ఫాంటుకి వరుసల మధ్య ఎడం బాగా ఎక్కువ, జాబితా ఆరు పేజీలైంది. నాలుగు పేజీల్లో సర్దితే ప్రింటు ఖర్చు తగ్గుతుంది కదా అన్నారు కమిటీవాళ్లు. సరేనని రో ఎత్తు అర సెంటీమీటరుకి బిగించేశాను. వర్డ్ ఏమీ హెచ్చరించదు, గడిలో పట్టని ముక్కని చూపించడం మానేస్తుంది, అంతే. స్క్రీన్ మీద పేజీ చిన్నది చేసి చూసుకున్నాను కాబట్టి నా కంటికి ఆనలేదు. మూడొందల కాపీలు వేయించాం.

శ్రీరామనవమి పందిట్లో పంచుతుంటే మా మేనత్త ఆ కాగితం కళ్ల దగ్గర పెట్టుకుని "ఇది నా పేరు కాదురా" అంది. ఆమె పేరులో 'ల్ల' ఉంది. వత్తు పోయి ఉత్త 'ల' మిగిలింది. చదివింది మూడో తరగతే, కానీ తన పేరు కాగితం మీద ఎలా ఉండాలో ఆమెకి బాగా తెలుసు. పింఛను డబ్బుల్లోంచి దాచి 1,116 ఇచ్చిన మనిషి. నాకు నోట మాట రాలేదు. కూర్చుని వరసగా చూస్తే పుల్లయ్యలు పులయ్యలయ్యారు, చెన్నయ్యలు చెనయ్యలయ్యారు. య వత్తు పక్క నుంచి పైకి లేస్తుంది కాబట్టి సగమైనా బతికింది, లక్ష్మి అన్నచోట మాత్రం మ వత్తు ఆనవాలే లేదు. ఆ వారంలోనే మొత్తం ఆరు పేజీలుగా మళ్లీ వేయించి ఇంటింటికీ తిరిగి ఇచ్చాను, ఖర్చు నేనే పెట్టుకున్నాను.

ఇంగ్లీషులో గీత కిందికి దిగే అక్షరాలు జి, వై, పి లాంటివి కొన్నే, అవీ కాస్తే దిగుతాయి. మనకి 'స్త్రీ', 'రాష్ట్రం' అంటే ఒకే అక్షరానికి రెండు వత్తులు, 'స్త్రీ'కైతే పైన గుడిదీర్ఘం కూడా. ఇంగ్లీషు కోసం గీసిన ఫారంలో, గడి ఎత్తు ముట్టుకోకుండా తెలుగు కుక్కేసి, పైగా తెలుగే సరిగ్గా రాదు అంటారు చూడండి, నాకు ఒళ్లు మండుతుంది. అక్షరానిది తప్పు కాదు, గడిది. అలాగని 9 పాయింట్లకి కుదించి ఇరికిస్తే పెద్దవాళ్లు ఎలా చదువుతారు?

ఇంకో జబ్బు, పేరు గడి మధ్యలోకి రావాలని పైన రెండు ఎంటర్లు కొట్టడం. టేబుల్‌లో కర్సర్ పెడితే కనపడే లేఔట్‌లో అలైన్‌మెంట్ బటన్లు తొమ్మిది ఉన్నాయి, నడిమిది నొక్కండి. అయినా అక్షరాలు పైకే ఉంటే పేరాగ్రాఫ్ స్పేసింగ్‌లో 'ఆఫ్టర్' దగ్గర 8 పాయింట్లో 10 పాయింట్లో ఉంటాయి, సున్నా చేయండి. రూపాయల కాలమ్‌ని స్పేస్‌బార్‌తో జరపొద్దు, కుడివైపు అలైన్ చేస్తే 516, 1,116, 10,116 ఒకదాని కింద ఒకటి వాటంతటవే కూర్చుంటాయి. గడి లోపల ట్యాబ్ కావాలంటే కంట్రోల్ పట్టుకుని ట్యాబ్ కొట్టాలి, ఉత్త ట్యాబ్ పక్క గడికి దూకుతుంది.

టేబుల్ ప్రాపర్టీస్‌లోనే 'సెల్' అన్న చోట ఆప్షన్స్‌లో 'ఫిట్ టెక్స్ట్' అని ఒకటుంది. పొడుగు పేరు ఒక్క వరుసలో పట్టించడానికి మా ఊళ్లో డీటీపీ చేసే కుర్రాళ్లు దాన్నే నొక్కుతున్నారు, అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి నలిగిపోతున్నాయి. పేరు రెండు వరుసలైతే కానివ్వండి.