వాపును నడిపించే ఎంజైములు కేంద్రకం అంచునే పనిచేస్తాయి

నొప్పికీ వాపుకీ కారణమయ్యే ఎంజైములు కణపు పైపొరలోనే ఉంటాయా అని అడిగారు. ఉండవు. వాటిలో ముఖ్యమైనవి కేంద్రకాన్ని చుట్టిన పొరలోనూ, దానితో కలిసి సాగే అంతర్జీవ ద్రవ్యజాలంలోనూ (కణం లోపలి పొరల వలలోనూ) పనిచేస్తాయి. ప్రయోగశాలలో కళ్లారా చూశాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పరిశోధన విద్యార్థిగా ఉన్న రోజుల్లో, లూకోట్రయీన్లు అనే వాపు రసాయనాల తయారీని మొదలుపెట్టే 5-లైపాక్సిజనేస్ ఎంజైమును న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలలో ఆకుపచ్చగా వెలిగే యాంటీబాడీతో గుర్తించేవాళ్లం. ప్రేరణ లేని కణంలో ఆ పచ్చదనం కణద్రవ్యమంతటా పలచగా పరచుకొని ఉండేది. తమ్మెలు తమ్మెలుగా విడిన కేంద్రకం మాత్రం నల్లగా కనిపించేది. కాల్షియాన్ని లోపలికి చేరవేసే అయనోఫోర్ కలిపి, కొన్ని నిమిషాలకు కణాలను స్థిరపరచి (రసాయనంతో ఉన్నవి ఉన్నట్టే బిగించి) చూస్తే, ఆ పచ్చదనమే కేంద్రకపు ప్రతి తమ్మె అంచునూ సన్నని గీతలా చుట్టుకొని ఉండేది. అక్కడి పొరలో నాటుకొని ఉన్న ఫ్లాప్ అనే ప్రోటీను ఈ ఎంజైముకు ముడిసరుకైన అరాకిడోనిక్ ఆమ్లాన్ని అందిస్తుంది. ఆ ఆమ్లాన్ని పొరల కొవ్వు నుంచి విడదీసే ఫాస్ఫోలైపేస్ ఎ2 కూడా, కాల్షియం పెరగగానే కణద్రవ్యం వదిలి అటువైపే చేరుతుంది.

ప్రోస్టాగ్లాండిన్లు అనే వాపు రసాయనాల తయారీని మొదలుపెట్టే, ఆస్పిరిన్ అడ్డుకునే సైక్లోఆక్సిజనేస్ ఎంజైము ఇలా చోటు మారదు. దాని రెండు రకాలూ ద్రవ్యజాలపు కుహరం (లోపలి ఖాళీ) వైపు పొరకు అతుక్కొని ఉంటాయి. అందుకే డిజిటోనిన్‌ను తక్కువ మోతాదులో వాడి కణపు పైపొరకు మాత్రమే రంధ్రాలు చేస్తే యాంటీబాడీ దానిని చేరలేదు. లోపలి పొరలు కూడా తెరుచుకున్నప్పుడే కేంద్రకం చుట్టూ వలయం వెలుగుతుంది.

ప్రోస్టాగ్లాండిన్లపై జరిగిన కృషికి 1982లోనే నోబెల్ బహుమతి వచ్చింది. అయినా చాలా పాఠ్యపుస్తకాలు కణపు పైపొరను గీసి, దాని కిందనే బాణాల వరుసలో ఈ ఎంజైములన్నిటి పేర్లు రాసి వదిలేస్తున్నాయి. ఇది విద్యార్థులకు చేస్తున్న అన్యాయమని నా అభిప్రాయం. కణాలను నలగగొట్టి ఎంజైము ఎంత ఉందో మాత్రమే కొలిచే ప్రయోగాలపైనా నాకు అదే అసంతృప్తి ఉంది, ఎందుకంటే మొత్తం ఏమాత్రం మారకుండానే చోటు మారిపోతుంది.

క్రిములను చంపడానికి తోడ్పడే మైలోపెరాక్సిడేజ్ వంటి ఎంజైములు కణంలోని చిన్న సంచుల్లాంటి కణికలలో దాగి ఉంటాయి, నిజమే. ఊపిరితిత్తుల మాక్రోఫేజ్‌లలో (క్రిములను మింగే కణాలలో) 5-లైపాక్సిజనేస్ ముందునుంచే కేంద్రకం లోపల కనిపిస్తుంది. న్యూట్రోఫిల్‌లోనైతే కణం గాజు వంటి ఉపరితలానికి అంటుకోవడమే ఆ ఎంజైము కేంద్రకంలోకి వెళ్లడానికి చాలు. కాబట్టి మీరు ఈ ప్రయోగం చేయదలిస్తే, కణాలు ద్రవంలో తేలుతుండగానే స్థిరపరచి, ఆ తర్వాతే గాజుపలకపైకి చేర్చండి.