చిన్న కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడిని డ్రాఫ్ట్‌కి ముందు ఎలా అంచనా వెయ్యాలి?

మీ ఊరికి దగ్గర్లోని ఎఫ్‌సీఎస్ కాలేజీలో (అమెరికన్ ఫుట్‌బాల్ కాలేజీల్లో పై అంచె ఎఫ్‌బీఎస్, దాని కింది అంచె ఇది) ఒక కార్నర్‌బ్యాక్, అంటే పాస్ అందుకునే రిసీవర్లను కాపు కాసే ఆటగాడు, వరసగా ఇంటర్‌సెప్షన్లు తీస్తున్నాడు (ఎదుటి జట్టు పాస్‌లను మధ్యలో పట్టేస్తున్నాడు), అయినా ఏ మాక్ డ్రాఫ్ట్‌లోనూ (ఎవరిని ఏ జట్టు తీసుకుంటుందో ముందే ఊహించి రాసే జాబితా) అతని పేరు కనపడటం లేదు, ఇలాంటివాళ్లను ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ముందు ఎలా అంచనా వెయ్యాలి అని అడిగారు. నేనైతే ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను. ఈ అబ్బాయి ఇంతకాలం ఎవరి కంటా ఎందుకు పడలేదు? ఆ కారణం తీరిపోయిందా, ఇంకా అలాగే ఉందా? ఎంత బాగా ఆడుతున్నాడన్నది ఆ తర్వాతి మాట.

మిస్సోరీలో ఎం.ఎస్. చేసేటప్పుడు మా యూనివర్సిటీ అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఫుట్‌బాల్ జట్టుకి వీడియో తీసే పని చేశాను. మాది ఎం.ఐ.ఎ.ఎ. కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు), డివిజన్ 2, అంటే ఎఫ్‌సీఎస్‌కి కింది అంచె. మన తెలుగు పిల్లలు చాలామంది చదివిన వారెన్స్‌బర్గ్ సెంట్రల్ మిస్సోరీ, మేరీవిల్ నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ కూడా ఆ కాన్ఫరెన్స్‌లోవే. నార్త్‌వెస్ట్ డివిజన్ 2 జాతీయ టైటిల్‌ని ఆరుసార్లు గెలిచింది. పక్కనే అంత మంచి ఫుట్‌బాల్ జరుగుతుంటే మనవాళ్లు రెండేళ్లూ స్టేడియం వైపు తొంగి చూడకుండా డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతారు. నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వీడియో పనంటే, ప్రతి ప్లేనీ రెండు కోణాల్లో తియ్యాలి. సైడ్‌లైన్ వైపు ఎత్తు మీద నుంచి ఒకటి, ఎండ్‌జోన్ వెనక నుంచి ఇంకొకటి. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. కోచ్‌లకు కావలసింది మాత్రం మైదానంలో ఉన్న ఇరవై ఇద్దరూ. శరదృతువులో వారం మధ్య రోజుల్లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల కోసం ఆటగాళ్లను వెతికే ఏరియా స్కౌట్లు కారేసుకుని వచ్చి, లైట్లు తీసేసిన గదిలో ఆ ఫిల్మే చూసేవాళ్లు. వాళ్లకి మ్యాచ్‌లు పెట్టి ఇవ్వడం, కావలసిన ప్లేలు వెతికి ఇవ్వడం నా పని. వాళ్లు దేని దగ్గర ఆపుతున్నారు, దేన్ని వెనక్కి తిప్పి చూస్తున్నారు, దేన్ని దాటేస్తున్నారు అన్నది గమనించే అవకాశం అలా దొరికింది.

మా జట్టులో ఒక రిసీవర్ ఉండేవాడు. గజాలు, టచ్‌డౌన్లు లెక్కేస్తే కాన్ఫరెన్స్‌లో ముందు వరసలో ఉండేవాడు. స్కౌట్లు అతని ఫిల్మ్‌ని కాసేపు చూసి పక్కన పెట్టేసేవాళ్లు. ఎందుకో మెల్లిగా అర్థమైంది. మా స్థాయిలో కార్నర్‌బ్యాక్‌లు భయంతో ఏడెనిమిది గజాలు వెనక నిలబడేవాళ్లు. స్నాప్ అయ్యాక, అంటే బంతి వెనక్కి అందించి ప్లే మొదలయ్యాక, అతని ఛాతీ మీద చెయ్యి వేసినవాడే లేడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటి గజంలోనే చెయ్యి పడుతుంది. దాన్ని తప్పించుకోగలడో లేదో ఏ ప్లేలోనూ తేలలేదు. అదే జట్టులో ఒక లెఫ్ట్ టాకిల్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్‌మన్) ఉండేవాడు. అతని పేరు స్థానిక పేపర్లో కూడా పెద్దగా రాలేదు, ఆ పొజిషన్‌కి లెక్కలే ఉండవు కదా. స్కౌట్లు అతన్ని మళ్లీ మళ్లీ చూశారు. నాలుగో క్వార్టర్‌లో అతని అడుగులు ఎలా పడుతున్నాయి, మోసపోయిన ప్లేలో తిరిగి ఎలా సర్దుకుంటున్నాడు అని. చివరికి ఒక జట్టు రూకీ మినీక్యాంప్‌కి (కొత్తవాళ్ల శిబిరం) ట్రైఔట్‌గా, అంటే కాంట్రాక్ట్ లేకుండా పరీక్షకి, పిలిచింది. కాంట్రాక్ట్ రాలేదు. అయినా ఆ పిలుపు వచ్చింది అతనికి, రిసీవర్‌కి కాదు.

జిల్లా లీగ్‌లో డబుల్ సెంచరీ కొట్టిన కుర్రాణ్ణి ఐపీఎల్ వేలానికి ముందు చూడటం లాంటిదే ఇది. పరుగులు నిజమే, కానీ ఆ బౌలింగ్ ఎంత వేగంతో వచ్చిందో చూడకుండా ఏమీ చెప్పలేం. అందుకే చిన్న కాలేజీ ఆటగాడు ఎంత గెలిచాడన్నది కాక, దేనితో గెలిచాడన్నది చూడాలి. ఒంటి బలంతో మాత్రమే గెలిస్తే పై స్థాయిలో అందరికీ ఆ బలం ఉంటుంది. చేతుల వాడకంతో, అడుగులతో, ముందే పసిగట్టడంతో గెలిస్తే అది ఎక్కడికైనా వెంట వస్తుంది.

ఇక మొదటి ప్రశ్నకి వస్తాను. ఆటగాడు మరుగున పడటానికి కారణాలు రకరకాలు. చాలావాటికి అతని ఆటతో సంబంధమే ఉండదు.

శరీరం ఆలస్యంగా ఎదగడం అన్నిటికన్నా సామాన్యమైన కారణం. పెద్ద కాలేజీలు పదహారు, పదిహేడేళ్ల వయసులోనే కుర్రాళ్లను ఎంచేసుకుంటాయి. కైల్ డగ్గర్ జార్జియాలో హైస్కూల్ ముగించేనాటికి చిన్న ఒళ్లువాడు. నార్త్ కరొలైనాలోని లెన్వార్-రైన్ అనే డివిజన్ 2 కాలేజీలో చేరాక ఎత్తూ బరువూ వచ్చాయి. 2020లో కంబైన్‌కి (డ్రాఫ్ట్‌కి ముందు ఎన్‌ఎఫ్‌ఎల్ జరిపే శరీర పరీక్షలు) వచ్చేసరికి 217 పౌండ్ల సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికన్నా వెనక ఆడేవాడు), వర్టికల్ జంప్ 42 అంగుళాలు. ఆ ఏడాది పేట్రియాట్స్ తమ మొట్టమొదటి పిక్‌ని (ఎంచుకునే వంతు), మొత్తమ్మీద 37వది, అతనికే వాడారు. ఇక్కడ కారణం పూర్తిగా తీరిపోయింది. పదిహేడేళ్ల కైల్‌ని వద్దనుకున్నవాళ్లు, ఇరవై నాలుగేళ్ల కైల్ ఇంకో మనిషని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ వయసు సంగతి కూడా గుర్తుంచుకోండి. ఇరవై నాలుగేళ్లవాడు పంతొమ్మిదేళ్ల పిల్లల్ని ఎత్తి పడేస్తుంటే అందులో కొంత వాటా వయసుది.

రెండో కారణం పొజిషన్ లేదా ఆట పద్ధతి. సెంట్రల్ మిస్సోరీలో జాక్ డేవిడ్‌సన్ అనే అబ్బాయి టైట్ ఎండ్‌గానూ (బ్లాకింగ్ చేస్తూ పాస్‌లు కూడా పట్టేవాడు), పంటర్‌గానూ (బంతిని దూరంగా తన్నేవాడు) ఆడేవాడు. 2019 సీజన్‌లో 40 క్యాచ్‌లకు 894 గజాలు, 15 టచ్‌డౌన్లు. తర్వాతి ఏడాది కోవిడ్ వల్ల సీజనే లేదు. అయినా 2021లో వైకింగ్స్ ఐదో రౌండ్‌లో 168వ పిక్‌గా తీసుకున్నారు. అంత పొడుగు మనిషికి అంత వేగం ఉండటం అరుదు. కానీ అక్కడ స్థిరపడలేకపోయాడు. డ్రాఫ్ట్ అవడం వేరు, నిలవడం వేరు. వేగం, ఎత్తు తలుపు తెరిపిస్తాయి. టైట్ ఎండ్‌కి బ్లాకింగ్, రూట్లు నేర్చుకోవడానికి పట్టే కాలాన్ని జట్లు ఓపిగ్గా ఇవ్వవు.

క్యామ్ వార్డ్ కథ ఈ రెండో కారణానికే ఇంకా గొప్ప ఉదాహరణ. టెక్సస్‌లో అతని హైస్కూల్ వింగ్-టీ ఆడేది, అంటే పరిగెత్తడమే తప్ప పాస్‌లు విసరడం తక్కువ. క్వార్టర్‌బ్యాక్ విసరకపోతే రిక్రూటర్లు ఏం చూస్తారు? శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే ఎఫ్‌సీఎస్ కాలేజీ చేర్చుకుంది. అక్కడి నుంచి వాషింగ్టన్ స్టేట్, ఆ తర్వాత మయామీ, 2025లో టైటన్స్ చేత మొత్తం డ్రాఫ్ట్‌లోనే మొదటి పిక్.

వార్డ్ దారి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) వచ్చాక, ముఖ్యంగా 2021లో ఒకసారి కాలేజీ మారినా ఏడాది ఆడకుండా కూర్చోనక్కర్లేదన్న నిబంధన, పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలు రెండూ వచ్చాక, చిన్న కాలేజీలో మెరిసినవాడు మరుసటి ఏడాదే పెద్ద కాలేజీకి వెళ్లిపోతున్నాడు. కాబట్టి ఇవాళ నాలుగేళ్లూ చిన్న కాలేజీలోనే ఉండిపోయినవాణ్ణి చూస్తే, ఎందుకు ఉండిపోయాడో కూడా అడగాలి. డిగ్రీ మధ్యలో వదలడం ఇష్టంలేక, ఇంటికి దగ్గరగా ఉండాలని, ఆఖరి సీజన్‌లోనే వెలుగులోకి రావడం వల్ల అయితే సరే. పెద్ద కాలేజీలు పిలవనే లేదంటే, వాళ్ల కోచ్‌లు ఫిల్మ్ చూసి ఏదో తేల్చుకున్నారన్నమాట. ఆ ఏదో మీరూ వెతకాలి.

మూడో కారణం గాయాలు, మార్కులు, క్రమశిక్షణ. ఇవి బయట కూర్చున్న మనకు దాదాపు తెలియవు. స్కౌట్లు అందుకే కోచ్‌తో ఎంతసేపు మాట్లాడేవాళ్లో ట్రైనర్‌తో, సామాన్లు చూసుకునే మనిషితో, చదువుల సలహాదారుతో అంతసేపు మాట్లాడేవాళ్లు. తడిసిన జెర్సీ ఎక్కడ పడేస్తాడు, వెయిట్ రూమ్‌కి ఎన్నింటికి వస్తాడు అని నన్ను కూడా అడిగారు. ఈ కారణంతో ఎవరైనా మరుగున ఉంటే ఆన్‌లైన్ పుకార్లను బట్టి అంచనా కట్టకండి, ఒక కుర్రాడి జీవితం అది.

నాలుగోది, నన్ను ఎక్కువ కదిలించేది, ఒట్టి స్థాయి పేరు. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్‌లే లేవు. డివిజన్ 2 జట్టు మొత్తానికి కలిపి 36 స్కాలర్‌షిప్‌ల విలువ, దాన్నే ముక్కలు చేసి పంచుతారు. ఎఫ్‌బీఎస్‌లో చాలాకాలం 85 ఉండేవి. ఆ తేడాలో మంచివాళ్లు కిందికి జారిపోతారు. ఆడమ్ తీలెన్‌కి మిన్నెసోటా స్టేట్ మాంకేటో ఇచ్చింది 500 డాలర్లు. అతన్ని ఎవరూ డ్రాఫ్ట్ చెయ్యలేదు. 2013లో ట్రైఔట్ మీద వెళ్లి వైకింగ్స్‌లో నిలబడ్డాడు. క్విన్ మైనర్జ్ విస్కాన్సిన్-వైట్‌వాటర్‌లో డివిజన్ 3 ఆటగాడు. 2020లో అతనికి సీజనే లేదు. 2021 జనవరిలో మొబీల్‌లో జరిగిన సీనియర్ బౌల్‌కి (డ్రాఫ్ట్‌కి వచ్చే ఆటగాళ్లను పిలిచి ఆడించే మ్యాచ్) వచ్చి, అలవాటులేని సెంటర్ పొజిషన్‌లో నిలబడి, పెద్ద కాలేజీల డిఫెన్సివ్ టాకిల్స్‌ని ఎదుర్కొన్నాడు. బ్రాంకోస్ 98వ పిక్‌గా తీసుకున్నారు. 2024లో మొదటి ఆల్-ప్రో జట్టులో (లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాళ్ల జాబితా) ఉన్నాడు.

ఆ సీనియర్ బౌల్ లాంటి చోట్లే ఈ స్థాయి తేడాకి అసలు సాక్ష్యం దొరుకుతుంది. మ్యాచ్ కన్నా ఆ వారం ప్రాక్టీస్‌లు ముఖ్యం. ఒకరికొకరు ఎదురుగా నిలబడే వన్-ఆన్-వన్ డ్రిల్స్ వీడియోలు వస్తాయి, ఒక్కటీ వదలకండి. మొదటి రోజు ఓడిపోయినా మూడో రోజుకి ఏం నేర్చుకున్నాడో చూడండి. మా కాన్ఫరెన్స్ నుంచే సామ్ రాబర్ట్స్, నార్త్‌వెస్ట్ డిఫెన్సివ్ లైన్‌మన్, అలాంటిదే అయిన ఈస్ట్-వెస్ట్ శ్రైన్ బౌల్ ఆడి 2022లో పేట్రియాట్స్‌కి ఆరో రౌండ్‌లో 200వ పిక్‌గా వెళ్లాడు.

ఆ ఆహ్వానం రానివాళ్లకి ఇంకో పరీక్ష ఉంటుంది. ఎఫ్‌సీఎస్ జట్లు ఏడాదికొకసారి డబ్బు కోసం పెద్ద జట్టు మీద ఆడటానికి వెళ్తాయి. ఆ ఒక్క మ్యాచ్ మిగతా పదింటి విలువ చేస్తుంది. కూపర్ కప్‌ని చూడండి. ఈస్టర్న్ వాషింగ్టన్‌లో ఉండగా 2016లో వాషింగ్టన్ స్టేట్ మీద 12 క్యాచ్‌లు, 206 గజాలు, 3 టచ్‌డౌన్లు. జట్టు 45-42తో గెలిచింది. తర్వాత కంబైన్‌లో 40 గజాలు 4.62 సెకన్లలో పరిగెత్తాడని మూడో రౌండ్ దాకా, 69వ పిక్ దాకా ఆగాల్సి వచ్చింది. 2021లో 1,947 గజాలు, సూపర్ బౌల్ ఎంవీపీ. ఆ 206 గజాలు తన కాన్ఫరెన్స్‌లో వచ్చినవి కావు, పాక్-12 అనే పెద్ద కాన్ఫరెన్స్ కార్నర్ల మీద వచ్చినవి. నేను ఆ మ్యాచ్‌ని ఆ పరుగు టైమ్ కన్నా పెద్ద సాక్ష్యంగా తీసుకుంటాను.

అలాగని పరుగు టైమ్‌లు పనికిరావని కాదు. చిన్న కాలేజీవాడికి అవి పెద్ద కాలేజీవాడికన్నా ఎక్కువ అవసరం, అతని ఫిల్మ్‌లో ఎదుటివాళ్ల స్థాయి తెలియదు కాబట్టి. కంబైన్‌కి పిలిచేది సుమారు 320 మందిని. మిగతావాళ్లు ప్రో డేలో (స్కౌట్ల ముందు కాలేజీలోనే జరిగే పరీక్ష), తరచూ దగ్గర్లోని పెద్ద యూనివర్సిటీ ప్రో డేకి వెళ్లి, పరిగెత్తుతారు. ప్రో డే టైమ్‌లు చేతి గడియారంతో తీస్తారు, కాస్త తక్కువే పడతాయి. లైన్‌మెన్‌కి మొదటి 10 గజాల టైమ్, కార్నర్, సేఫ్టీ లాంటి వెనక ఆడేవాళ్లకి త్రీ-కోన్, షటిల్ (మలుపులు తిరిగే పరుగులు) చూడండి. ఆ పొజిషన్‌లో నిలబడటానికి కావలసిన కనీస గీత దాటాడా అన్నంతవరకే వాటిని వాడండి. గీత దాటాక ఇంకొంచెం వేగం ఉందని మురిసిపోనక్కర్లేదు.

ఇప్పుడు మీ కార్నర్‌బ్యాక్. ఇంటర్‌సెప్షన్ల సంఖ్యని పక్కన పెట్టండి, ఒక్కో ఏడాది అది అదృష్టం మీద కూడా ఆధారపడుతుంది. దొరికినన్ని పూర్తి మ్యాచ్‌లు చూడండి, హైలైట్ వీడియో వద్దు. రిసీవర్ దారి మార్చినప్పుడు ఇతని నడుము ఎంత సాఫీగా తిరుగుతోంది? లోతైన పాస్‌కి వెనక్కి పరిగెత్తుతూ తల తిప్పి బంతిని చూస్తున్నాడా, కంగారుపడి చేతులు వేసేస్తున్నాడా? అతనివైపు రాని పరుగు ప్లేలో ట్యాకిల్‌కి వస్తున్నాడా? ప్రెస్‌లో, అంటే రిసీవర్‌కి ఆనుకుని ఎదురుగా, నిలబెట్టిన ప్లేలు ఎన్ని ఉన్నాయి? పెద్ద జట్టు మీద ఆడిన ఆ ఒక్క మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్ అతనివైపు విసిరాడా, విసరకుండా వదిలేశాడా? చేతుల పొడవు ప్రో డే తర్వాత బయటికి వస్తుంది, అదీ రాసుకోండి.

డ్రాఫ్ట్ ఏడు రౌండ్లలో సుమారు 257 పేర్లతో అయిపోతుంది. అందులో అతని పేరు రాకపోయినా ఆ రాత్రి ఫోన్‌లు మోగుతూనే ఉంటాయి. ఏడో రౌండ్‌లో పోయినవాడికి ఏ జట్టో ఎంచుకునే వీలుండదు. డ్రాఫ్ట్ కానివాడికి ఉంటుంది. కార్నర్లు తక్కువున్న జట్టుని ఎంచుకుంటే శిక్షణ శిబిరంలో అతనికి ఎక్కువ స్నాప్‌లు దొరుకుతాయి. జట్టులోని 53 మందిలో చోటు రాకపోతే 16 మంది ప్రాక్టీస్ స్క్వాడ్ ఉంది. మాల్కమ్ బట్లర్ వెస్ట్ అలబామా అనే డివిజన్ 2 కాలేజీ నుంచి డ్రాఫ్ట్ కాకుండానే 2014లో పేట్రియాట్స్ ట్రైఔట్‌కి వెళ్లాడు. 2015 ఫిబ్రవరి 1న సూపర్ బౌల్‌ని గోల్‌లైన్ దగ్గర ఇంటర్‌సెప్షన్‌తో గెలిపించింది అతనే. మీ కుర్రాడు ఏ కాలేజీ, ఏ సంవత్సరం అన్నది కామెంట్‌లో రాస్తే, దొరికిన మ్యాచ్‌లు చూసి నాకు కనిపించింది చెబుతాను.