తప్పు రాయకపోతే చాలా?

"వాడకం సూచనలు రాసే టెక్నికల్ రైటర్‌కి నైతికతతో పనేంటి, ఇచ్చిన సమాచారం తప్పుల్లేకుండా రాస్తే సరిపోదా?" అని ఒకరు అడిగారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. పురుగుమందు డబ్బాతో పాటు మడతపెట్టి ఇచ్చే కాగితాలుంటాయి చూడండి, వాటిని తెలుగు చేసేవాణ్ణి.

ఒకసారి ఊరెళ్తే మా మేనమామ పత్తికి మందు కొట్టి అప్పుడే వచ్చాడు. సీసా ఖాళీ. "ఇంత పోశావేంటి మావయ్యా?" అంటే కాగితం తీసి చూపించాడు. "500 మిల్లీ అని రాశారుగా." "అది హెక్టారుకి." "అదేగా!" ఆయన కొట్టింది ఎకరం. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఆ కాగితం నేను రాసింది కాదు, కానీ నేను రాసినవన్నీ అచ్చం అలాగే ఉండేవి. ఒక్క అక్షరం తప్పుండదు. రైతు లెక్కేమో ఎకరం, ట్యాంకు, మూత.

లేబుల్‌కీ ఆ కాగితానికీ పురుగుమందులకి అనుమతులిచ్చే ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కమిటీ ఆమోదం ఉంటుంది కాబట్టి వాటిలో మన ఇష్టానికి ఏదీ చేర్చలేం. అందుకని డీలర్ల దగ్గర పంచే కరపత్రంలో ఒక వరస పెట్టమని నాకు పనిచ్చే కంపెనీని అడిగాను: ఎకరాకి 200 మి.లీ., 200 లీటర్ల నీళ్లు. 16 లీటర్ల ట్యాంకుకి 16 మి.లీ. ఒప్పుకున్నారు. నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన వాక్యం అదే, నవ్వకండి.

తర్వాతి ఏడాది అదే కంపెనీ మార్కెటింగ్ ఆయన ఫోన్ చేసి, "సూచనల ప్రకారం వాడితే పూర్తిగా సురక్షితం" అని పెద్దక్షరాల్లో వేయమన్నాడు. ఆ మందు డబ్బా మీదున్నది నీలం ముక్కోణం, అంటే ఓ మోస్తరు విషం. పైగా 1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్ ప్రకారం లేబుల్ మీద 'సురక్షితం' అన్న మాటే వాడకూడదు, 'సూచనల ప్రకారం వాడితే' అని ముందు తగిలించినా సరే. ఆయనకీ తెలుసు. "ఇది లేబుల్ కాదుగా, కరపత్రమేగా" అన్నాడు.

చేతికి తొడుగు లేకుండా మందు కలిపే మావయ్యకి ఏది లేబులో, ఏది కరపత్రమో ఎవరు చెప్తారు? రాయనన్నాను. ఇంకెవరితోనో రాయించుకున్నారు. ట్యాంకు లెక్క మాత్రం అలాగే ఉంచారు, దాని కిందే 'సురక్షితం' అచ్చయింది. ఆ సీజన్ నుంచి నాకు వాళ్ల పని రాలేదు.